ఆట చేసేవాళ్లకు ఆడేవాళ్లు కావాలి

మదనపల్లె నుంచి కదిరి దారి పట్టి కాసేపు పోతే అంగళ్లు వస్తుంది. రోడ్డుకు ఒక పక్క టమాటా క్రేట్లు ఎత్తుకునే లారీలు, ఇంకో పక్క కాలేజీ బస్సులు. 1998లో ఇక్కడ మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్, అందరి నోటా మిట్స్, వచ్చాక ఊరి రూపే మారింది. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, ప్రాజెక్టు రిపోర్టులకు బైండింగ్ వేసే కొట్లు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. పొద్దున మండీ ధర, సాయంత్రం ప్లేస్‌మెంట్ల కబురు. ఊరి మాటలు చాలావరకు ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి. ఈ మధ్య పిల్లల నోట ఇంకో మాట కూడా వినిపిస్తోంది. ఫోన్లో ఆడే ఆటను మనమూ తయారు చేయొచ్చా? ఎక్కడ నేర్పుతారు? ఎంత కట్టాలి?

చేయొచ్చు. ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. మూడూ నిజమైన జవాబులే. అయితే పిల్లలకు తట్టని ప్రశ్న ఒకటుంది, అది పెద్దవాళ్లు వేసుకోవాల్సింది. ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది వాటిని పూర్తి చేయరన్నది ప్రపంచమంతటా తెలిసిన సంగతే. ఆసక్తి ఉండి, ఫోన్ ఉండి, పాఠం ఉచితంగా దొరుకుతుండగా పిల్లలు మధ్యలో ఎక్కడ ఆగిపోతున్నారు? వాళ్లు ఆగకుండా మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ముందు సౌకర్యాల సంగతి చూద్దాం. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. బొమ్మను కదిలించడం, శబ్దం వినిపించడం, రెండు వస్తువులు ఢీకొన్నాయా లేదా చూడడం వంటి చాకిరీ అంతా అది చేసిపెడుతుంది. ఒకప్పుడు మంచి ఇంజిన్ పెద్ద కంపెనీల సొత్తు. 2005లో వచ్చిన యూనిటీ ఆ పరిస్థితిని మార్చింది. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ తయారుచేసిన గోడో ఇంజిన్‌ను 2014లో సోర్స్ కోడ్‌తో సహా లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. దానితో చేసిన ఆట ఎన్ని కోట్లు తెచ్చినా వాళ్లకు వాటా ఇవ్వక్కర్లేదు. 2023 సెప్టెంబరులో యూనిటీ కంపెనీ ఆట ఇన్‌స్టాల్ అయిన లెక్కన రుసుము వసూలు చేస్తానని ప్రకటించి, గగ్గోలు రేగాక ఏడాదికి వెనక్కి తీసుకుంది. ఈలోగా చిన్న చిన్న తయారీదారులు ఎందరో గోడో వైపు తిరిగారు. చిన్నపిల్లలకైతే అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ ఉంది. రంగురంగుల దిమ్మెలను ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే చాలు, కోడ్ టైపు చేయక్కర్లేదు. బొమ్మలు చెక్కుకోవడానికి బ్లెండర్ ఉంది, అదీ ఉచితమే.

పాఠాలకూ కొదవ లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2018లో ఆటల తయారీ మీద ఒక కోర్సును ఉచితంగా అందరికీ తెరిచింది. బంతీ బ్యాటూ ఉన్న పాంగ్‌తో మొదలుపెట్టి పాత ఆటలను ఒక్కొక్కటిగా మళ్లీ తయారు చేయించడం దాని పద్ధతి. డెన్మార్క్ కుర్రాడు నడిపిన బ్రాకీస్ యూట్యూబ్ ఛానల్ ఒక తరానికి గురువైంది. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం వేదికలో ప్రోగ్రామింగ్ కోర్సులున్నాయి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగు గొంతుతోనే వినొచ్చు. 2016 తరవాత డేటా ధర పడిపోయాక ఇవన్నీ అంగళ్లు ఉన్న కురబలకోట మండలంలోని పల్లెకు కూడా చేరువే.

ఇన్ని ఉండి ఎక్కడ తేడా కొడుతోందో తెలియాలంటే మొదటి పాఠాన్ని దగ్గరగా చూడాలి.

ఒక చిన్న ఆట అనుకుందాం. తెర పైనుంచి టమాటాలు రాలుతుంటాయి. కింద గంప. గంపను అటూ ఇటూ జరిపి పండ్లను పట్టుకోవాలి. అంతే ఆట. గోడోలో దీనికి రెండు బొమ్మలు, పాతిక ముప్పై వరసల కోడ్ ఉంటే సరిపోతుంది. టమాటా ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు, అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత. బళ్లో గీసిన గ్రాఫు కాగితమే ఇది. కానీ మొదటి తికమక ఇక్కడే. లెక్కల పుస్తకంలో పైకి పోయేకొద్దీ వై విలువ పెరుగుతుంది. ఇక్కడ తెర పై అంచు దగ్గర సున్నా, కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. పండు కింద పడాలి కదా అని మైనస్ గుర్తు పెట్టినవాడికి అది పైకి లేచి మాయమైపోతుంది. పది నిమిషాలు బుర్ర గోక్కున్నాక గుర్తు మారిస్తే పండు పడుతుంది. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది మళ్లీ మరిచిపోవడం కష్టం.

రెండో తికమక ఇంకాస్త లోతైనది. కంప్యూటర్ తెర మీది బొమ్మను సాధారణంగా సెకనుకు అరవై సార్లు కొత్తగా గీస్తుంటుంది. గీసిన ప్రతిసారీ పండును ఐదు చుక్కలు దించమంటే సెకనులో మూడు వందల చుక్కలు దిగుతుంది. అదే ఆటను సెకనుకు ముప్పై సార్లే గీయగలిగే పాత ల్యాప్‌టాప్‌లో పెడితే నూట యాభై చుక్కలే దిగుతుంది. కొత్త మెషీన్‌లో ఆడేవాడికి కష్టమైన ఆట, పాత మెషీన్‌లో ఆడేవాడికి పిల్లాట అయిపోతుంది. అందుకని ఒకసారి గీయడానికీ మళ్లీ గీయడానికీ మధ్య గడిచిన కాలంతో వేగాన్ని గుణిస్తారు. ఆ కాలాన్ని డెల్టా అంటారు. దూరం అంటే వేగం ఇంటూ కాలం. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం ఇక్కడ తెర మీద పనిచేస్తూ కనబడుతుంది. పండు గంపలో పడిందో లేదో తేల్చడానికి రెంటి మధ్య దూరం కావాలంటే పైథాగరస్ సిద్ధాంతం వచ్చి నిలబడుతుంది. లెక్కలంటే పారిపోయే పిల్లలకు ఇంతకన్నా మంచి కారణం చూపించడం కష్టం.

ఇదంతా వీడియోలో అరగంట పాఠం. చెప్పేవాడు చెబుతుంటాడు, చూసేవాడు ఆపుతూ, టైపు చేస్తూ వెంటపోతుంటాడు. చివరికి పండ్లు పడతాయి, గంప వాటిని పట్టుకుంటుంది. ఎంతో సంతోషం. మర్నాడు ఖాళీ తెర తెరిచి అదే ఆటను సొంతంగా చేయమంటే మొదటి వరస రాదు. దానితో మనసు చివుక్కుమంటుంది, ఇంకో వీడియో వెతుకుతారు. అది అయ్యాక మరొకటి. నెలలు గడుస్తాయి, చూసిన పాఠాల జాబితా పెరుగుతుంది, చేసిన ఆట మాత్రం ఒక్కటీ ఉండదు. పిల్లలు ఆగిపోయే చోటు ఇదే. తెలివి తక్కువై కాదు. చూడడాన్ని చేయడం అనుకున్నారు, అంతే.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం చాలా చిన్నది. పాఠంలో ఉన్నది ఉన్నట్టు చేశాక ఒక్కటి మార్చు. పండు వేగం పెంచు. కుళ్లిన పండు ఒకటి కలిపి, అది గంపలో పడితే మార్కులు తగ్గించు. గంప నిండితే చిన్న చప్పుడు పెట్టు. మార్చినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుంది. ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది. ఆ ఎర్ర అక్షరాలను చదివి, వెతికి, సరిచేసుకున్నప్పుడే చదువు మొదలవుతుంది. రెండోది, ఎంత చిన్నదైనా సరే పూర్తి చెయ్యి. మొదలు, ముగింపు, మార్కులు, మళ్లీ ఆడే బటన్, నాలుగూ ఉంటే అది ఆట. లేకపోతే అది ఇంకా అభ్యాసమే.

మూడోది వీడియోలో దొరకనిది. చేసిన ఆటను వేరేవాళ్ల చేతికి ఇవ్వడం.

పాంగ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1972లో అటారి అనే కొత్త కంపెనీలో అలన్ అల్కోర్న్ అనే యువ ఇంజినీరు చేరాడు. యజమాని నోలన్ బుష్నెల్ అతనికి ఒక పని అప్పగించాడు. తెర మీద అటొక బ్యాటు, ఇటొక బ్యాటు, మధ్యలో బంతి. ఒక పెద్ద కంపెనీకి కావాలట అన్నాడు. నిజానికి అలాంటి ఒప్పందమేదీ లేదు, కుర్రాడికి చేయి తిరగాలని ఇచ్చిన సాధన అది. అల్కోర్న్ దాన్ని మనసు పెట్టి చేశాడు. బంతి బ్యాటుకు తగిలిన చోటును బట్టి కోణం మారేట్టు, ఆట సాగేకొద్దీ వేగం పెరిగేట్టు తనంతట తాను కలిపాడు. తయారైన పెట్టెను కాలిఫోర్నియాలో ఒక బార్‌లో పెట్టి జనం ఏం చేస్తారో చూశారు. కొన్నాళ్లకు మెషీన్ చెడిపోయిందని కబురొచ్చింది. వెళ్లి తెరిచి చూస్తే లోపల నాణేలు పొంగిపొర్లి అడ్డుపడ్డాయి. లోకమంతా ఆడిన ఆట ఒక కొత్త ఉద్యోగి చేసిన మొదటి పాఠం. అది బయట జనం చేతిలో పడింది కాబట్టి దాని విలువ తెలిసింది. కంపెనీలోనే ఉండిపోతే అభ్యాసంగానే మిగిలేది.

ఆట తయారుచేసేవాళ్లు ఈ పనికి ఒక నియమం పెట్టుకుంటారు. ఎదుటివాడు ఆడుతున్నప్పుడు నోరు మెదపకూడదు. ఇక్కడ నొక్కు, అక్కడ దూకు అని చెప్పకూడదు. పక్కన కూర్చుని చూడాలి. గంప బాణం గుర్తులతో కదులుతుందని చేసినవాడికి తెలుసు, ఆడేవాడికి తెలియదు. వాడు తెర మీద వేలు పెట్టి లాగుతాడు. కుళ్లిన పండుకూ మంచి పండుకూ రంగు తేడా చేసినవాడి కంటికి స్పష్టం, అమ్మకు రెండూ ఒకటే. ఆట కష్టంగా ఉందని చెల్లెలు మూడో నిమిషంలో ఫోన్ పక్కన పెట్టేస్తుంది. ఈ మూడు సంగతులు ముప్పై వీడియోలు చూసినా తెలియవు. ముగ్గురు మనుషులు చాలు. తాను అనుకున్నది వేరు, ఎదుటివాడికి అర్థమైనది వేరు అని తెలుసుకోవడమే ఈ విద్యలో అసలు పాఠం. ఆ మాటకొస్తే అన్ని విద్యల్లోనూ అదే.

మన ప్రాంతానికి ఆటల రూపకల్పన కొత్తేమీ కాదు. పాత గుళ్ల మండపాల్లో, రచ్చబండల మీద రాతిలో చెక్కిన గళ్లు ఇప్పటికీ కనబడతాయి. పులిమేక ఆటనే తీసుకోండి. ఎక్కువగా ఆడే పద్ధతిలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలు దూకలేవు, అన్నీ కలిసి పులికి దారి లేకుండా మూసేస్తే గెలుస్తాయి. ఒకడికి బలం, ఇంకొకడికి సంఖ్య. రెండు పక్షాలకూ వేర్వేరు ఎత్తులు, వేర్వేరు గెలుపులు. ఈ అసమానతను తూకం తప్పకుండా నిలబెట్టడం నేటి ఆట తయారీదారులకు కూడా కష్టమైన పని. మేకలను పద్నాలుగు చేస్తే ఏమవుతుంది? పులులను నాలుగు చేస్తే? ఇంకో గీత గీసి దారి పెంచితే? సుద్దముక్కతో నేల మీద గీసి సాయంత్రం నాలుగు ఆటలు ఆడితే జవాబు దొరుకుతుంది. కంప్యూటర్ ముట్టుకోకముందే ఆట తయారీలో మొదటి మెట్టు ఎక్కినట్టే. పెద్ద పెద్ద స్టూడియోల్లో కూడా ముందు కాగితం మీదే ఆడి చూస్తారు.

మన వైకుంఠపాళి ఇంగ్లండు వెళ్లి పాములూ నిచ్చెనలూ అయింది. పచ్చీసు అక్కడికే వెళ్లి లూడోగా పేరు మార్చుకుని తిరిగొచ్చింది. ఆ లూడోనే 2016లో వికాశ్ జైస్వాల్ అనే భారతీయుడు ఫోన్‌లోకి తెచ్చి లూడో కింగ్ అన్నాడు. లాక్‌డౌన్ రోజుల్లో దేశమంతా దాన్ని ఆడింది. అష్టాచెమ్మా, వామనగుంటలు ఇంకా ఎవరి చేతిలోనైనా అలా మెరుగు దిద్దుకోవడానికి ఎదురుచూస్తున్నాయి.

పాత ఆటలే కాదు, ఈ నేల బతుకులోనే ఆటకు సరిపడా సరుకుంది. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే యువకుడు నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట చేశాడు. బొమ్మలు, సంగీతం, కథ, కోడ్ అన్నీ అతనివే. 2016లో విడుదలయ్యాక కోట్లాది కాపీలు అమ్ముడుపోయాయి. అందులో రైతు విత్తితే పండుతుంది, పండితే నిర్ణయించిన ధరకు అమ్ముడవుతుంది. మదనపల్లె పిల్లకు ఇది చూస్తే నవ్వు రావాలి. 2023 జులైలో కిలో రెండు వందల దరిదాపుల్లోకి పోయిన టమాటా, మరో సీజన్లో కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన టమాటా ఆ పిల్లకు తెలుసు. ఈ రోజు కోయాలా, రెండు రోజులు ఆగాలా? స్థానిక మండీకి వేయాలా, బయటి రాష్ట్రానికి పోయే లారీకి ఎత్తాలా? నారు పెట్టేనాటికి ఉన్న ధర కోతనాటికి ఉంటుందా? ఈ ప్రశ్నలతో ఆట చేస్తే అందులో ప్రతి నొక్కుకూ గుండె దడ ఉంటుంది. పుంగనూరు పొట్టి ఆవు కథానాయికగా ఒక ఆట, హార్స్‌లీ హిల్స్ మలుపుల రోడ్డు మీద ఇంకో ఆట. నేర్పేవాడు ఎక్కడివాడైనా కావచ్చు. చెప్పాల్సిన కథ మాత్రం ఇక్కడి పిల్లలకే తెలుసు.

భాష సంగతి కూడా దాటవేయలేం. మంచి పాఠాల్లో చాలావరకు ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమం పిల్లలు మొదటి వీడియోలోనే వెనకపడతారు. వాళ్లకు భాష వచ్చే దారి లేదని కాదు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల నడుమ ఉన్న కుప్పంలో సంతకు పోయొచ్చే పిల్ల మూడు భాషలు చెవితోనే పట్టుకుంటుంది. కోడ్‌లో వాడే ఇంగ్లిషు మాటలు మొదట్లో నిండా యాభై ఉండవు. వాటిని తెలుగులో విడమరిచి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉంటే చాలు.

ఆ పక్కన ఉండే మనిషి గురించి ఈ ప్రాంతానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. అంగళ్లుకు కాస్త దూరంలోనే ఉన్న రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్లు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం దశాబ్దాల కిందటే ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. కార్డులను మెట్లుమెట్లుగా అమర్చి నేర్చుకునే నిచ్చెన అన్నారు. ప్రతి పిల్లా తన వేగంతో ఎక్కుతుంది, ఒక మెట్టు పూర్తి కాకుండా పైదానికి పోదు, వెనకపడ్డానని సిగ్గుపడే పని లేదు. పిల్లలు గుంపులుగా కూర్చుంటారు, ఒకరికొకరు చెప్పుకుంటారు, టీచరు అందరి మధ్యా తిరుగుతుంటారు. మంచి వీడియో గేమ్‌లో లెవెళ్లు అమర్చే సూత్రం కూడా ఇదే. ఈ పద్ధతి ఇక్కడి నుంచి ఇతర రాష్ట్రాల ప్రభుత్వ బడులకూ పాకింది. అయితే గమనించాల్సింది కార్డును కాదు. కార్డు చుట్టూ కూర్చున్న పిల్లల గుంపును, వాళ్ల మధ్య తిరిగే టీచరును.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ విజ్ఞాన ప్రయోగాల సామగ్రిని వ్యాన్లలో వేసుకుని ప్రభుత్వ బడులకు తిరుగుతుంది. వాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. ప్రయోగాన్ని నేర్చుకున్న పిల్లలే సైన్సు మేళాల్లో నిలబడి మిగతా పిల్లలకు చెబుతారు. చెప్పాల్సి వస్తుందని తెలిసిన పిల్ల నేర్చుకునే తీరే వేరు. అదే కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని కంప్యూటర్ కేంద్రాలు తెరిచాయి. అందులో అందరికీ గుర్తుండిపోయింది, పల్లె మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, సౌరశక్తితో నడిచే బ్యాటరీ ఇచ్చి ఊళ్లలో ఫొటోగ్రాఫర్లను చేయడం. కెమెరా పట్టడం వాళ్లకు అబ్బిందంటే, ఊళ్లో ఫొటో అడిగే మనిషి ఉండబట్టే. అలాంటి పెద్ద పథకాలు వస్తాయి, గడువు తీరితే పోతాయి. చదువు నిలబడేది మాత్రం అడిగేవాళ్లు, చూసేవాళ్లు ఉన్నంతకాలమే.

ఇక తల్లిదండ్రుల భయం. ఆట అనగానే గుండె గుభేలుమంటుంది. అది ఉత్త భయం కాదు. రమ్మీలో అప్పులపాలైన ఇళ్లు మన మధ్య ఉన్నాయి. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఆటకు బానిస కావడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రుగ్మతల జాబితాలో చేర్చింది. అయితే అదే పార్లమెంటు చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, చదువుకు పనికొచ్చే ఆటలను ప్రోత్సహించాలని కూడా చెబుతుంది. రాత్రి రెండింటిదాకా ఆడే కొడుకును, ఆట ఎలా తయారైందో తెలుసుకోవాలనుకునే కొడుకును ఒకే కర్రతో కొట్టకూడదు. నాణెం దొరికినప్పుడు వినిపించే ఆ కమ్మని చప్పుడు ఎందుకు పెట్టారో, ఇంకొక్క ఆట అనిపించేలా ఓటమిని గెలుపుకు ఒక్క అడుగు దూరంలో ఎలా ఆపారో, చేసినవాడికి తెలుస్తుంది. తెలిసినవాడు కనీసం కళ్లు తెరిచి ఆడతాడు. వియత్నాంకు చెందిన డాంగ్ న్యుయెన్ ఒక్కడే తయారుచేసిన ఫ్లాపీ బర్డ్ 2014 జనవరిలో లోకాన్ని ఊపేసింది. డబ్బు కురుస్తున్న వేళ, జనం దానికి బానిసలవుతున్నారని చెప్పి ఫిబ్రవరిలో తన చేతులతోనే తీసేశాడు. ఆట చేసేవాడికి బాధ్యత కూడా ఉంటుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఉద్యోగాల మాట కూడా దాచకుండా చెప్పుకుందాం. మదనపల్లె నుంచి బెంగళూరు మూడు గంటల దారి. కుప్పం నుంచి రైలెక్కితే ఇంకా దగ్గర. 1997లో అక్కడ మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ మన దేశంలో తొలి ఆటల కంపెనీల్లో ఒకటి, 2019లో దాన్ని రాక్‌స్టార్ కొనుక్కుంది. హైదరాబాద్‌లోనూ స్టూడియోలున్నాయి, ఆటల తయారీదారుల జాతీయ సదస్సు ఎన్నో ఏళ్లు అక్కడే జరిగింది. దారి ఉంది. కానీ 2023, 2024లలో ఇదే పరిశ్రమలో ప్రపంచవ్యాప్తంగా వేలమందిని తీసేశారు. ఆరు నెలల్లో లక్షల జీతం అని ఫీజు గుంజే ప్రకటనలను నమ్మి అప్పు చేయొద్దు. ఉచితంగా దొరికే పాఠాలతో రెండు మూడు చిన్న ఆటలు పూర్తి చేసిన తరవాత కూడా ఇష్టం నిలిస్తే అప్పుడు కోర్సు సంగతి చూడొచ్చు. ఉద్యోగం రాకపోయినా పోయేదేమీ లేదు. ఒక పనిని ముక్కలు చేసి ఆలోచించడం, తప్పును వెతికి పట్టడం, మొదలుపెట్టింది ముగించడం ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తాయి.

కాబట్టి కొత్త పథకాలేవీ అడగడం లేదు. ఉన్నవాటినే కాస్త తెరవమని మనవి. అంగళ్లు, మదనపల్లె, కుప్పం కాలేజీల్లో ఆదివారం తాళం వేసి ఉండే కంప్యూటర్ ల్యాబులున్నాయి. నెలకు ఒక్క ఆదివారం చుట్టుపక్కల ప్రభుత్వ బడి పిల్లలకు తెరవండి. ఆఖరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు అక్కడ కూర్చుంటే చాలు. వాళ్లు పాఠం చెప్పక్కర్లేదు, పిల్లలు చేసుకొచ్చింది ఆడి చూస్తే చాలు. పుంగనూరు గ్రంథాలయంలో పేపరు చదివే బల్ల పక్కన ఒక కంప్యూటర్, గోడ మీద మొదటి ఆట చేయడానికి పది మెట్లు తెలుగులో రాసిన ఒక చార్టు ఉండాలి. ద్రావిడ భాషల కోసం 1997లో కుప్పంలో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ పది మెట్లను తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ సిద్ధం చేస్తే మూడు రాష్ట్రాల సరిహద్దు పల్లెలకు మేలు. సెలవుల్లో రెండు రోజులపాటు పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి ఒక్కో చిన్న ఆట చేయించే పోటీ పెడితే ఖర్చు టిఫిన్లకే. గేమ్ జామ్ పేరుతో ఇలాంటివి లోకమంతా ఏటా జరుగుతున్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ ఇంట్లో పిల్ల ఫోన్ పట్టుకుని వచ్చి, నేను చేసిన ఆట ఒకసారి ఆడు నాన్నా అంటే, తరవాత చూద్దాంలే అనకండి. పది నిమిషాలు ఆడండి. బాగుంటే బాగుందనండి. అర్థం కాకపోతే ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. పాఠం చెప్పేవాళ్లు లోకమంతా ఉన్నారు, ఆ పది నిమిషాలు మాత్రం మీరే ఇవ్వాలి.